హీలియోస్ 44-2, సూపర్ టకుమార్ 55, నిక్కార్ 50: పాత మాన్యువల్ లెన్స్ ఒక్కటే కొనాలంటే ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నాను: ఒక్కటే కొనాలనుకుంటే పెంటాక్స్ వాళ్ల సూపర్ టకుమార్ 55 మి.మీ. ఎఫ్/1.8 కొనండి (ఎఫ్ పక్కన అంకె అపెర్చర్‌ది, అంటే వెలుతురు వచ్చే రంధ్రానిది, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉన్నవాళ్ల లెక్క వేరు, అది కింద చెప్తాను. మరి హీలియోస్‌కి అంత పేరుంది కదా అంటారేమో. పేరుంది, కాదనను. వెనకున్న ఆకులన్నీ మనిషి చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టు కనిపించే ఆ పోర్ట్రెయిట్లు ఎవరికైనా నచ్చుతాయి. కానీ కొన్నాక రోజూ తీసే ఫోటోల్లో ఆ తిరుగుడు ఎన్నిట్లో వస్తుందన్నదే అసలు ప్రశ్న.

హీలియోస్ 44-2 అంటే 58 మి.మీ. ఎఫ్/2. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో వచ్చిన జైస్ బయోటార్ డిజైన్‌నే సోవియట్ వాళ్లు తీసుకుని, జెనిత్ కెమెరాలతో పాటు కుప్పలుతెప్పలుగా తయారుచేశారు. క్రాస్నోగోర్స్క్, వాల్దాయ్, మిన్‌స్క్ అని మూడు ఫ్యాక్టరీల సరుకు దొరుకుతుంది. ఇందులోనే ఓ చిక్కుంది, ఒకే పేరున్న రెండు లెన్సులు ఒకేలా ఉండవు. ఒకటి ఎఫ్/2లోనే కంటిరెప్పల్ని చక్కగా చూపిస్తుంది, ఇంకోటి ఎఫ్/4కి వచ్చినా మసగ్గానే ఉంటుంది. అందుకే ఎవరో పెట్టిన శాంపిల్ ఫోటో చూసి హీలియోస్ కొనడం లాటరీ టికెట్ కొన్నట్టే.

ఆ తిరుగుడు కూడా ఊరికే రాదు. ఫ్రేమ్ అంచుల్లో పడే వెలుగు చుక్కలు గుండ్రంగా కాకుండా పిల్లి కన్నులా సాగుతాయి, అవన్నీ మధ్యభాగం చుట్టూ వరుస కట్టడం వల్ల తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఉండాలి, మనిషి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండాలి, వెనక కొన్ని మీటర్ల అవతల ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా రావాలి. చింతచెట్టు కింద సాయంత్రం పూట తీస్తే భలే వస్తుంది, సున్నం గోడ ముందు నిలబెట్టి తీస్తే ఏమీ రాదు. ఇంకో మాట, క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా అయితే అంచులన్నీ కోసుకుపోతాయి కాబట్టి సగం మజా అక్కడే పోతుంది. ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్) లేనివాళ్లు ఈ ఒక్క కారణం మీద హీలియోస్ కొనకండి.

ఇక పోల్చి చూడటం. ట్రైపాడ్ మీద ఒకే బాడీ, ఒకే వెలుతురు, అన్నిటికీ ఒకే అపెర్చర్. వైట్ బ్యాలెన్స్ (కెమెరా చేసే రంగుల సర్దుబాటు) మాత్రం ఆటోలో వదిలేయకండి, వదిలేస్తే లెన్స్‌లో ఉన్న పసుపునంతా కెమెరాయే సరిచేసేస్తుంది, ఇక రంగుల్లో పోల్చడానికి ఏం మిగులుతుంది? టెస్ట్ చార్టులు కొనక్కర్లేదు, న్యూస్‌పేపర్ క్లాసిఫైడ్స్ పేజీలు గోడకి సాపుగా అంటించి, కెమెరాని గోడకి ఎదురుగా వంకర లేకుండా పెట్టి, ఫోకస్ మాగ్నిఫై చేసి తీయండి. మధ్యలో అక్షరాలు ఏ లెన్స్‌లోనైనా దాదాపు బాగానే వస్తాయి. చూడాల్సింది మూలల్లో. లక్ష్మి అన్న మాటలో కింద ఉన్న ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా, ముద్దయిపోయాయా? టకుమార్ ఎఫ్/1.8లో కాస్త మెత్తగా ఉన్నా ఎఫ్/4కి వచ్చేసరికి మూలలు కూడా చదవగలిగేలా ఇస్తుంది. హీలియోస్ ఎఫ్/2లో మూలలు చెదిరిపోతాయి, ఎఫ్/8 దాకా దించితే గానీ దారికి రాదు. నికాన్ వాళ్ల నిక్కార్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఏఐ-ఎస్ (పాత మాన్యువల్ రకం) అయితే ఎఫ్/5.6లో ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే తీరు, వంక పెట్టడానికేమీ ఉండదు. మనసుకి పట్టేదీ పెద్దగా ఉండదనుకోండి.

వెలుతురు ఎదురుగా ఉన్నప్పుడు తేడా ఇంకా తెలుస్తుంది. వీధిలైటుని ఫ్రేమ్ అంచున పెట్టి తీసి చూడండి. 44-2 మీద ఉన్నది పాత పూత, లైటు కొంచెం తగిలితే ఫోటో మొత్తం మీద తెల్లటి తెర పడిపోతుంది. సూపర్ టకుమార్‌ది కూడా సింగిల్ కోటింగే కానీ ఇంత తొందరగా లొంగదు, 1971 నుంచి వచ్చిన ఎస్ఎంసీ (పలు పొరల) కోటింగ్ రకం దొరికితే మరీ మంచిది. మీకు ఆ తెరే అందంగా అనిపిస్తే హీలియోసే తీసుకోండి, రుచి ఎవరిది వాళ్లది. చిన్న అపెర్చర్‌లో లైట్ల చుట్టూ వచ్చే కిరణాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, హీలియోస్‌కి అపెర్చర్ బ్లేడ్లు (రేకులు) 8 కాబట్టి 8, టకుమార్‌కి 6, నిక్కార్‌కి 7 బ్లేడ్లే అయినా బేసి సంఖ్య కాబట్టి 14.

చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రం టకుమార్‌ని మించింది ఈ మూడింట్లో లేదు. ఫోకస్ రింగ్ ఇన్నేళ్ల తర్వాత కూడా వెన్నలా తిరుగుతుంది. హీలియోస్‌కి అపెర్చర్ రింగులు రెండు. ఒకదాని మీద కావలసిన నంబర్ పెట్టుకుని, రెండోదాన్ని క్లిక్కుల్లేకుండా అటూ ఇటూ తిప్పాలి. వీడియో తీసేవాళ్లకి ఇది వరం, మిగతావాళ్లకి మొదట్లో చికాకు. టకుమార్ మీద ఆటో, మాన్యువల్ అని చిన్న మీట ఉంటుంది, అడాప్టర్ (వేరే కెమెరాకి లెన్స్ బిగించే రింగు) మీద వాడేటప్పుడు మాన్యువల్ వైపు పెట్టకపోతే అపెర్చర్ రింగ్ ఎంత తిప్పినా బ్లేడ్లు కదలకపోవచ్చు. లెన్స్ పాడైందని కంగారు పడకండి.

మౌంట్ (లెన్స్ కెమెరాకి బిగించే చోటు) సంగతి. హీలియోస్, టకుమార్ రెండూ ఎం42 మర మౌంట్. దీనికి లెన్స్ కెమెరాకి ఆనే అంచు నుంచి ఫిల్మ్ (లేదా సెన్సర్) దాకా 45.46 మి.మీ. దూరం కావాలి. సోనీ ఈ-మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే, మిగతాది అడాప్టర్ గొట్టం భర్తీ చేస్తుంది, ఇబ్బందేమీ లేదు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో అది 46.5, అంటే ఎక్కువే ఉంది, కాబట్టి గాజు లేని అడాప్టర్‌తో దూరంగా ఉన్నవాటికి ఫోకస్ కుదరదు. గాజున్న అడాప్టర్లు ఉన్నాయి కానీ ఆ చవక గాజు పెట్టి మంచి లెన్స్‌ని చెడగొట్టుకోవడం ఎందుకు? నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నిక్కారే కొనుక్కోవాలి. డీ7000, డీ7100, డీ7200లో మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలవడం) కూడా పనిచేస్తుంది. డీ3000, డీ5000 వరుసల్లో, పైగా డీ7500లో కూడా పనిచేయదు, ఎక్స్‌పోజర్ మనమే అంచనా వేసుకోవాలి.

కొనేముందు ఫోన్ టార్చ్ వెనక నుంచి ఏటవాలుగా వేసి లెన్స్ లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, బ్లేడ్ల మీద తడి మెరుపుంటే నూనె. చిన్న దుమ్ముకి భయపడక్కర్లేదు. టకుమార్ గాజు పసుపుగా ఉంటే అందులో థోరియం (కొద్దిగా రేడియోధార్మికత ఉన్న లోహం) కలిపిన గాజు ఉన్నట్టు, 55 ఎఫ్/1.8లో కొన్ని రకాల్లోనే ఉంటుంది. వాడటానికి టెన్షన్ అక్కర్లేదు, కొన్నాళ్లు అల్ట్రావయొలెట్ కాంతిలో పెడితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు మాత్రం లెన్స్‌తో పాటు వచ్చే పాత తోలు కేసు పక్కన పడేసి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. ఆ తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది, ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి.