పన్నెండేళ్లుగా మా హాల్లో నిలబడ్డ వైట్‌హర్స్ట్ గడియారం

ఇంగ్లండులోని డెర్బీలో ఉంటున్నాం కదా, కొంటే ఈ ఊరి గడియారమే కొనాలనుకున్నాను. ఆరడుగులు దాటిన చెక్క పెట్టె, తెల్ల పెయింట్ డయల్, దాని మీద ‘వైట్‌హర్స్ట్, డెర్బీ’ అని రెండే మాటలు. చిక్కంతా ఆ పేరుతోనే. 1736లో ఇక్కడికొచ్చి గడియారాల పని మొదలుపెట్టిన జాన్ వైట్‌హర్స్ట్ 1788లో పోయాడు. తర్వాత దుకాణం నడిపిన తమ్ముడి కొడుకూ జానే, అతని కొడుకూ జానే. మాది పెద్దాయన చేతిదేనని అమ్మినతను ఒట్టేసినంత పని చేశాడు. కానీ ఇంగ్లండులో పెయింట్ డయళ్లు వచ్చిందే 1770ల్లో. అప్పటికి పెద్దాయన అరవై ఏళ్లవాడు. మాది తర్వాతి జాన్‌లదని నా నమ్మకం. పేరుకని ఎక్కువ డబ్బు పెట్టకండి.

మొదటి ఏడాది నరకం చూపించింది. ఆదివారం కీ ఇస్తే ఎనిమిది రోజులు నడవాలి, శుక్రవారానికల్లా ఆగిపోయేది. రిపేరు షాపువాళ్లు రెండుసార్లు విప్పి, శుభ్రం చేసి, బిల్లు చేతిలో పెట్టారు. చివరికి ఇంకో ముసలాయన వచ్చి, పెట్టెను ఒక్క వేలితో నెట్టి చూసి నవ్వాడు. లోలకం దాదాపు మీటరు పొడవు. ఐదారు రోజులకు, గడియారాన్ని నడిపే బరువులు సరిగ్గా దాని చివరి గుండు పక్కకి దిగుతాయి. పెట్టె గట్టిగా లేకపోతే అవీ ఊగుతూ లోలకం ఊపు లాగేసుకుంటాయి. వెనక పలకను గోడకు స్క్రూలతో బిగించాం, అంతే. పదకొండేళ్లయింది, మళ్లీ ఆగలేదు.

టైమంటారా, ఫోనుతో పోల్చకండి. స్టీలు కడ్డీ కాబట్టి పది డిగ్రీల వేడి పెరిగితే రోజుకు ఐదు సెకన్లు వెనకబడుతుంది. గుండు కింది నట్టు తిప్పి సరిచేయొచ్చు గానీ, గుండు ఒక్క మిల్లీమీటరు దిగితే నలభై సెకన్ల పైనే తేడా. ఇప్పుడు నిమిషం అటూ ఇటూ అయినా పట్టించుకోవడం మానేశాను. ఇల్లు మారేటప్పుడు మాత్రం లోలకం, బరువులు తీశాకే కదపాలి.

రోజుకు 156 గంటలు కొడుతుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మొదటి రాత్రి నిద్రపోలేదు, “గుళ్లో పడుకున్నట్టుందిరా” అంది. వారం తిరిగేసరికి ఆదివారం కీ ఇచ్చే పని తనే తీసుకుంది. ఇక్కడ ఏటా అక్టోబరులో చలికాలానికని టైము గంట వెనక్కి జరిపే రోజున ముళ్లు వెనక్కి తిప్పకుండా లోలకాన్నే గంటసేపు ఆపుతాం. ఆ గంట హాల్లో కూర్చోలేక అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.