నాలుగేళ్ళుగా వాడుతున్న ఐడీఈ కన్వర్టర్, ఆకుపచ్చ ఫైళ్ళ సంగతి

పాత హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించే ఈ కన్వర్టర్ కొని నాలుగేళ్ళయింది. కంపెనీ పేరేమీ లేని రకం. సాటా డిస్కులకు, అంటే తర్వాత వచ్చిన సన్న కనెక్టర్ రకానికి, వేరే కేబుళ్ళూ దొరుకుతాయి కాబట్టి ఆ ముచ్చట వదిలేస్తా. నాకు దీని మీద ఉన్న ప్రేమంతా 40 పిన్నుల ఐడీఈ సాకెట్ గురించే, అంటే సాటాకి ముందు పాత డిస్కులకు ఉండే వెడల్పాటి కనెక్టర్. తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపిన రోజుల డిస్కులన్నీ ఆ రకమే. శుభలేఖలు, కరపత్రాలు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు అన్నీ వాటిలోనే ఉండిపోయాయి.

మొదటి డిస్క్ తగిలిస్తే గంటసేపు ఉలుకూ పలుకూ లేదు. చూస్తే దాని జంపర్ (ఒకే కేబుల్ మీది రెండు డిస్కుల్లో ఏది మాస్టరో, ఏది స్లేవో చెప్పే బుల్లి క్లిప్పు) స్లేవ్‌లో ఉంది. మాస్టర్‌కి మార్చగానే వచ్చేసింది. ఆ తర్వాత ఫోల్డర్ నొక్కితే అనుమతి లేదని మెసేజ్. దీనికి టెన్షన్ పడక్కర్లేదు. పాత విండోస్‌లోనూ కొత్తదాంట్లోనూ యూజర్ పేరు ఒకటే అయినా లోపలి గుర్తింపు నంబరు వేరు, అంతే. అడ్మిన్‌గా ఓనర్‌షిప్ తీసుకుంటే, అంటే ఆ ఫోల్డర్‌ని మన పేరు మీదకి మార్చుకుంటే, తెరుచుకుంటుంది. నేను ఆ తంటా కూడా పడను, విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి కాపీ చేసుకుంటాను. అది ఈ అనుమతుల్ని పట్టించుకోదు.

ఇలా మూడు డిస్కులు ఖాళీ చేశాక, ఎలాంటి తాళమైనా తీసేస్తానని మా తోడల్లుడి దగ్గర కోతలు కోశాను. నాలుగో డిస్క్ నా నోరు మూయించింది.

అందులో మా ఊరి గుడి స్థలపురాణం ఫోల్డర్ ఉంది. ఫైళ్ళ పేర్లన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. ఓనర్‌షిప్ తీసుకున్నా తెరుచుకోలేదు, ఉబుంటులోనూ కాపీ కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నలుగురం ఒకే సిస్టమ్ వాడేవాళ్ళం కదా అని, 2007లో నేనే ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఎన్‌క్రిప్ట్ దగ్గర టిక్ పెట్టాను. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఉండే ఈఎఫ్ఎస్ అన్నమాట, ఫైలు లోపలి సమాచారాన్నే తాళంచెవి లేనిదే చదవలేని గుప్తలిపిగా మార్చేస్తుంది. దాని తాళంచెవి ఆ యూజర్ ప్రొఫైల్‌లో ఉంటుంది, ఆ తాళంచెవికి లాగిన్ పాస్‌వర్డ్ కాపలా. సర్టిఫికెట్ బ్యాకప్ అని ఆ తాళంచెవికి నకలు ఒకటి తీసి పెట్టుకోవాలని అప్పట్లో నాకెవరు చెప్పారు?

రిపేర్ షాపతను సీడీ పెట్టి పాస్‌వర్డ్ ఎగరగొట్టేస్తానన్నాడు. ఎందుకో మనసొప్పక వద్దన్నాను. బతికిపోయాను. ఎక్స్‌పీలో అలా బయటినుంచి పాస్‌వర్డ్ మారిస్తే లాగిన్ అయితే అవుతాం గానీ ఆ తాళంచెవి మాత్రం చేతికి రాదు.

చివరికి అటక మీది పాత సీపీయూనే దింపాను. ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) కాలిపోయి ఉంటే సెకండ్ హ్యాండ్‌ది వేయించాను. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయి తేదీ 2002 చూపిస్తోంది. డిస్క్‌ని మళ్ళీ దాని చోట బిగించి ఆన్ చేస్తే ఎక్స్‌పీ వచ్చింది! పాస్‌వర్డ్ మూడోసారికి తగిలింది, మా మొదటి ప్రింటర్ మోడల్ నంబరు. ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లోకి (ఆ ఫార్మాట్‌లో ఎక్స్‌పీ ఈఎఫ్ఎస్ నిలవదు) కాపీ చేస్తుంటే, ఎన్‌క్రిప్షన్ పోతుంది, పర్వాలేదా అని అడిగింది. నాకు కావలసిందీ అదే కదా.

కన్వర్టర్ సంగతికొస్తే, దాని అడాప్టర్ రెండేళ్ళకే పోయింది. 12 వోల్టులు అందకపోతే పెద్ద డిస్క్ తిరగదు కాబట్టి వేరేది కొన్నాను. పవర్ ప్లగ్గు కూడా ఇప్పుడు కాస్త వదులు, చెయ్యి తగిలితే కాపీ సగంలో ఆగిపోతుంది. టకటకమని శబ్దం చేసే డిస్కుల్ని దీనికి తగిలించడం మానేశాను.

నాలాగా ఐడీఈ డిస్కులు కుప్పగా ఉన్నవాళ్ళయితే కొనొచ్చు. ఒక్క ల్యాప్‌టాప్ డిస్క్ కోసమైతే చిన్న సాటా కేబుల్ చాలు. నా ఆకుపచ్చ ఫైళ్ళు దక్కింది మాత్రం దీనివల్ల కాదు, పాస్‌వర్డ్ గుర్తుండబట్టీ, మా ఆవిడ ఆ సీపీయూని పాత సామాన్లవాడికి వెయ్యకపోబట్టీ. ఐదో డిస్క్ ఇంకా తగిలించలేదు. దాని సీపీయూ ఎప్పుడో అమ్మేశాను.