చవక సెమీ-హాలో గిటార్: ముందు నట్, ఆఖరున పికప్

ఆదివారం చర్చిలో లీడ్ వాయించడానికీ, మిగతా రోజుల్లో రాత్రిపూట ఇంట్లో పాత సినిమా పాటలు తడుముకోవడానికీ ఒకటే గిటార్ ఉంటే చాలనుకుని 2021లో 335 తరహా సెమీ-హాలో (పక్కలు బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్) కొన్నాను. గిబ్సన్ 1958లో తెచ్చిన ఈఎస్-335 ఈ రకానికంతా మూలం. అదే ఆకారంలో, అసలు దాని ధరలో చిన్న వాటాకే ఇప్పుడు చైనాలోనూ ఇండోనేషియాలోనూ తయారై వస్తున్నాయి. నాది నలభై వేల చిల్లర పడింది. బ్రాండు పేరు కావాలనే రాయడం లేదు. నా చేతికొచ్చిన ఒక్క పీసును చూసి కంపెనీకి మార్కులు వేయలేను. పైగా ఇక్కడ చెప్పబోయేవి ఈ ధరలో దొరికే గిటార్లు చాలావాటికి వర్తిస్తాయి.

కొనబోయేవాళ్ళకు ముందుగా ఒక మాట. షాపుకెళ్ళి సెమీ అకౌస్టిక్ (సెమీ-హాలోకి ఇంకో పేరు) చూపించమంటే చాలాచోట్ల పికప్ (తీగల మోతను కరెంటు సంకేతంగా మార్చే భాగం) బిగించిన మామూలు అకౌస్టిక్ తెచ్చి చేతిలో పెడతారు. ‘335 షేపు, ఎలక్ట్రిక్’ అని అడగండి. ఐబనీజ్ ఆర్ట్‌కోర్‌లో ఏఎస్73, ఎపిఫోన్‌లో ఈఎస్-335, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో జి2622 ఈ కోవకు చెందినవే. ఆకారం ఒకటే కదా అని లోపల ఏముందో చూడకుండా కొనకూడదు. 335లో పొట్ట మధ్య నుంచి నిలువునా ఒక చెక్క దిమ్మ పోతుంది. కింది వైపు తీగలు ఆనే బ్రిడ్జ్, పికప్‌లు దాని మీదే కూర్చుంటాయి. రెండు రెక్కలు మాత్రమే బోలు. ఎపిఫోన్ క్యాసినో చూపులకు అచ్చం ఇలాగే ఉంటుంది గానీ ఆ దిమ్మ ఉండదు, మొత్తం బోలే. ఇంట్లో వాయించుకుంటే అది ఇంకా తియ్యగా పలుకుతుంది. స్టేజి మీద మానిటర్ పక్కన నిలబడి వాల్యూమ్ పెంచితే మాత్రం కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. నాకు చర్చిలో డ్రమ్స్ పక్కన నిలబడే పని, కాబట్టి దిమ్మ ఉన్నదే తీసుకున్నాను.

దిమ్మ ఉన్నా కూత పూర్తిగా పోదు. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) ఎక్కువ పెట్టి ఆంప్‌కి (శబ్దం పెంచే పెట్టెకి) ఎదురుగా నిలబడితే ఎఫ్-హోల్స్ (గిటార్ పైన f ఆకారపు రంధ్రాలు) లోంచి గాలి ఊగి ఒక స్వరం దానంతటదే పెరిగిపోతుంది. కొంచెం పక్కకు తిరిగితే తగ్గుతుంది. మరీ పెద్ద సభ అయితే రంధ్రాల్లో స్పాంజి ముక్క కుక్కేస్తాను. అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పేరిట గిబ్సన్ 1980లో తెచ్చిన లూసిల్ గిటార్‌కి అసలు ఎఫ్-హోల్సే పెట్టలేదు. ఈ కూత బాధ పడలేకే. అంతటివాడికే తప్పనిది మనకెందుకు తప్పుతుంది!

ఇక అసలు సంగతి, అప్‌గ్రేడ్లు. చవక గిటార్ కొన్న నెల తిరక్కుండానే పికప్‌ల వీడియోలు చూడటం మొదలుపెడతాం. నా అనుభవంలో డబ్బు పోవలసిన వరస దానికి సరిగ్గా తలకిందులు.

కొత్తలో నా గిటార్ మూడో తీగ మీద ఒక్క బెండ్ వేస్తే (తీగను వేలితో పక్కకు లాగి స్వరం పెంచితే) చాలు, శ్రుతి దిగిపోయేది. ట్యూన్ చేస్తుంటే ‘టిక్’మని ఒక చప్పుడు, ఆ వెంటనే స్వరం ఎగిరి పైకి పోయేది. ఇది కీల (తల మీద తీగలు బిగించే మరల) తప్పని చాలామంది అనుకుంటారు, కొత్త కీలకు ఆర్డర్ పెట్టేస్తారు. మా వైజాగ్‌లో హార్మోనియంల దగ్గర్నుంచి గిటార్ల దాకా బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. నేనూ కీలు మార్చమనే వెళ్ళాను. ఆయన తల దగ్గర తీగను వేలితో పక్కకు నొక్కి చూసి, “కీలేం చేశాయి బాబూ, తీగ ఇక్కడ పట్టేస్తోంది” అంటూ నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాళ్ళున్న చిన్న పట్టీ) చూపించారు. 335 తలకి అటు మూడు, ఇటు మూడు కీలుంటాయి. మూడు, నాలుగు తీగలు నట్ దాటగానే బాగా పక్కకు వంగి పోతాయి. నట్‌లో గాడి ఇరుకుగా ఉంటే అక్కడే ఇరుక్కుంటాయి. బెండ్ చేసినప్పుడు జరిగిన తీగ మళ్ళీ వెనక్కి రాదు.

ఆయన ముందు గాళ్ళు కాస్త అరగదీసి, పెన్సిల్ ముక్కు పొడి రాశారు. అంతటితోనే సగం బాధ పోయింది. తర్వాత ఎముక నట్ చెక్కించుకున్నాను. మొత్తం మీద ఒక మంచి స్ట్రింగ్స్ సెట్ ఖరీదు కంటే కొంచెం ఎక్కువైంది, అంతే. ఆ తర్వాత కీల జోలికి పోలేదు. కంపెనీ వాటితోనే ఇవాళ్టికీ వాయిస్తున్నాను.

నట్ పని చేయించిన రోజే సెటప్ కూడా చేయించాను. నెక్‌కి (మెడకి) ఉండాల్సిన చిన్న వంపు, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర తీగ ఎత్తు, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా పలకడం). అన్నిటికంటే లావైన ఆరో తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు, మొదటి తీగ దగ్గర ఒకటిన్నర నాకు సరిపోయింది. బాగా తేలికగా కొట్టేవాళ్ళు ఇంకా దించుకోవచ్చు. ఇంటొనేషన్ చూసుకోవడం ఇంట్లోనే నేర్చుకోండి. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటే స్వరం), అక్కడే నొక్కి మీటిన స్వరం ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువగా చూపిస్తే బ్రిడ్జ్ మీది సాడిల్‌ని (తీగ ఆనే చిన్న ముక్కని) నట్ నుంచి దూరంగా జరపాలి, తక్కువైతే దగ్గరకు. తీగల మందం మార్చిన ప్రతిసారీ ఇది తప్పదు.

తీగల విషయం కాస్త వివరంగా చెప్పాలి. సముద్రం ఊళ్ళో ఉప్పు గాలికి మామూలు స్ట్రింగ్స్ చూస్తుండగానే తుప్పు పడతాయి, వేళ్ళకు గరగర తగులుతుంది. పూత ఉన్న సెట్లు ఖరీదెక్కువే గానీ మనలాంటి ఊళ్ళకు గిట్టుబాటు. వాయించాక పొడి గుడ్డతో తుడవడం మాత్రం ఏ సెట్‌కైనా చేయాల్సిందే. కంపెనీ వేసి పంపింది 10-46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం). నేను 11 సెట్‌కి మారాను. 335 స్కేలు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) ఇరవై నాలుగు ముప్పావు అంగుళాలు, ఫెండర్ స్ట్రాట్ గిటార్ కంటే పొట్టి. అందుకే 11 వేసినా బెండ్లకు వేళ్ళు నొప్పెట్టవు, మీటు మాత్రం గట్టిపడుతుంది.

కొన్నాళ్ళు ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు నున్నగా, బల్లపరుపుగా ఉండే తీగలు) కూడా వేసి చూశాను. తీగ మీద వేలు జారేటప్పుడు వచ్చే కీచు మాయమవుతుంది. రాగాల పాటలు, గమకాలు ఉన్నవి వాయించేవాళ్ళకు అదొక వరం. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారితే మధ్యలో ఫ్రెట్ల మెట్లు అంతగా వినపడవు. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌ని ఎలక్ట్రిక్ చేసి, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక సంగీతం పలికించారు. వాయిద్యాన్ని పాటకు తగ్గట్టు మార్చుకోవడంలో తెలుగువాళ్ళకు అంతకన్నా పెద్ద ఉదాహరణ ఎక్కడుంది? ఫ్లాట్‌వౌండ్‌తో చిక్కేమిటంటే బెండ్లు బరువవుతాయి, చర్చి పాటల్లో మెరుపు తగ్గుతుంది. రెండూ కావాలి కాబట్టి నేను మామూలు వాటికే తిరిగొచ్చాను. ఇంట్లో మాత్రమే వాయించుకునేవాడినైతే ఫ్లాట్‌వౌండే ఉంచేసేవాణ్ణి.

ఎండాకాలంలో హైదరాబాద్ తీసుకెళితే ఇంకో తమాషా. గాలి పొడిగా ఉండి ఫింగర్‌బోర్డు చెక్క కాస్త ముడుచుకుంటుంది, ఫ్రెట్ల కొసలు బయటికొచ్చి ఎడమచేతికి గీరుకుంటాయి. వైజాగ్ వచ్చాక మళ్ళీ సర్దుకుంటుంది. నిలకడగా పొడి ఊళ్ళో ఉండేవాళ్ళు ఆ కొసలు సన్నటి ఆకురాయితో గుండ్రం చేయించుకోవాలి.

తర్వాత వైరింగ్. ఈ గిటార్లలో నిజంగా చవక చూపించే చోటు ఇదే. వాల్యూమ్ నాబ్ పదికీ ఎనిమిదికీ మధ్యే పనంతా అయిపోతుంది, కిందికి తిప్పితే శబ్దం మూసుకుపోతుంది. ఏడాది తిరిగేసరికి తిప్పినప్పుడల్లా గరగర. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్ళు ఆగుతుంది. చివరికి నాలుగు పాట్లు (నాబ్‌ల కిందుండే కంట్రోళ్ళు), స్విచ్, జాక్ అన్నీ మార్పించాను. 500 కిలో-ఓమ్ పాట్లు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. కెపాసిటర్‌ని వాల్యూమ్ పాట్ మధ్య కాలుకు కలిపే పాత పద్ధతిలో చేయమని అడిగాను. యాభైల నాటి గిబ్సన్లలో అలాగే ఉండేది. దానివల్ల వాల్యూమ్ తగ్గించినా తళుకు చావదు. నా మటుకు ఈ ఒక్క మార్పు గిటార్ వాడే పద్ధతినే మార్చేసింది. ఇప్పుడు పెడల్ తొక్కకుండా వాల్యూమ్ నాబ్‌తోనే రిథమ్ నుంచి లీడ్‌కి వెళ్తున్నాను.

అయితే సెమీ-హాలోలో వైరింగ్ అంటే సరదా పని కాదు. మామూలు ఎలక్ట్రిక్‌కి వెనక మూత ఉంటుంది, నాలుగు స్క్రూలు తీస్తే చాలు. దీనికి మూత లేదు. సామానంతా ఎఫ్-హోల్ లోంచి బయటికి లాగి, సోల్డరింగ్ చేసి, మళ్ళీ అందులోంచే లోపలికి పంపాలి. ఒక్కో పాట్ కాడకి దారం కట్టి, ఆ దారాన్ని దాని రంధ్రంలోంచి పైకి తెచ్చి లాగుతారు. సీసాలో ఓడ కట్టడం లాంటి వ్యవహారం. వైర్ల పొడవులు తప్పకుండా ఉండాలంటే ముందు అట్టముక్క మీద రంధ్రాలు గుర్తుపెట్టి, దాని మీదే మొత్తం సోల్డర్ చేసుకోవాలి.

కొనేముందు కొలతలు చూసుకోండి. అమెరికా పాట్ల మెడ మూడు బై ఎనిమిది అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఆసియా గిటార్లకు పెట్టే రంధ్రాలు చాలాసార్లు అంతకంటే చిన్నవి. డ్రిల్లుతో వెడల్పు చేయబోతే పై పొర చిట్లుతుంది. టేపు అంటించి, చేత్తో రీమర్ తిప్పుతూ నెమ్మదిగా తియ్యాలి. పాత నాబ్‌లు కూడా కొత్త కాడలకు కూర్చోకపోవచ్చు. అందుకే ఈ పని ఒక్కసారే జరగాలి. పికప్‌లు మార్చే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా అప్పుడే మార్చెయ్యండి, రెండోసారి ఆ కష్టం ఎవరూ పడలేరు. ఇంకో జాగ్రత్త: జాక్ వదులైతే పైనున్న దాని మర నట్ ఒక్కటే తిప్పి బిగించకండి. లోపల జాక్ కూడా దాంతోపాటే తిరిగి వైర్లు తెగుతాయి. ఆ తర్వాత ఒక్క సోల్డర్ చుక్క కోసం మళ్ళీ సామానంతా బయటికి రావాలి.

హమ్ (ఆంప్‌లోంచి వచ్చే గుయ్యిమనే శబ్దం) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గి, తీస్తే పెరిగితే గిటార్ లోపలి ఎర్త్ బాగానే ఉన్నట్టు. సాలిడ్ గిటార్లో పాట్లుండే గుంతకు రాగి రేకు అంటించవచ్చు. దీనికా వీల్లేదు కాబట్టి జల్లెడ తొడుగున్న వైరు వాడించాను, బాగా తగ్గింది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి మారితే మాత్రం ఆంప్ గీమంటుంది, దానికి గిటార్‌ని అనకండి. తీగ తాకితే జివ్వుమని షాక్ కొట్టినట్టుంటే అది వేరే విషయం. వెంటనే ఆపేసి ఆ ప్లగ్గు ఎర్తింగ్ చూపించండి.

ఇక అందరూ అడిగే పికప్‌లు. కంపెనీ పికప్‌లు పనికిరావని కాదు. నాకు నెక్ పికప్ (మెడ వైపుది) బురదబురదగా, బ్రిడ్జ్ పికప్ సన్నగా అనిపించేవి. కొత్తవి కొనకముందు నెక్ పికప్‌ని స్క్రూడ్రైవర్‌తో బాగా కిందికి దించి, బ్రిడ్జ్ దాన్ని కాస్త లేపి చూశాను. పైసా ఖర్చు లేదు, సగానికి పైగా తేడా అక్కడే వచ్చింది. తర్వాత ఎలాగూ వైరింగ్ విప్పుతున్నాం కదా అని తక్కువ అవుట్‌పుట్ ఉన్న, ఆల్నికో అయస్కాంతాల హంబకర్లు (హమ్ తగ్గించే రెండు కాయిళ్ళ పికప్‌లు) వేయించాను, 7-8 కిలో-ఓమ్ మధ్యవి. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంటుకు పెట్టిన ఆ పాత హంబకర్ దారిలోనివే. ఇప్పుడు కార్డ్ కొడితే ఒక్కో స్వరం విడిగా వినపడుతోంది. స్విచ్ మధ్య స్థానంలో రెండూ కలిపితే వచ్చే ఆ గాజు గొంతు అద్భుతం. కానీ నిజం చెప్పాలంటే రికార్డింగులో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వినిపిస్తే మా బ్యాండ్‌లో కీబోర్డు తమ్ముడు తేడా చెప్పలేకపోయాడు. ఈ పికప్ జత ఖరీదు, మిగతా పనులన్నిటికీ అయిన ఖర్చు కంటే ఎక్కువ.

బ్రిడ్జ్ ఒకప్పుడు కొన్ని స్వరాల దగ్గర గిలగిలలాడేది. కొత్తది కొనకుండా స్తంభాల మరలకు ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టాను. అంతే, ఇక చప్పుడు లేదు.

ఎవరికి పనికిరాదు? హెవీ మెటల్ సంగీతం వాయించేవాళ్ళకు. అకౌస్టిక్ లాగా ప్లగ్గు లేకుండా నలుగురికి వినిపించాలనుకునేవాళ్ళకు కూడా. ప్లగ్గు లేకపోతే ఇది వాయించేవాడికి వినిపించేంతే పలుకుతుంది. అపార్ట్‌మెంట్లో రాత్రి పదకొండుకు అదే దీని గొప్ప గుణం. ఒళ్ళు పెద్దది, కింది భాగం దాదాపు 16 అంగుళాల వెడల్పు. మామూలు ఎలక్ట్రిక్ బ్యాగులో పట్టదు. రైల్లో తిరిగేవాళ్ళు ఈ సైజు హార్డ్‌కేసు ధర కూడా లెక్కలో కలుపుకోవాలి. చాలామంది అక్కడే బడ్జెట్ దాటిపోతారు.

తీసేసిన పాట్లు, పికప్‌లు, పాత నట్ అన్నీ ఒక కవర్లో వేసి కేసులోనే ఉంచాను. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు అప్‌గ్రేడ్లకు పెట్టిన డబ్బు తిరిగి రాదు. లోపల ఎవరో చెయ్యి పెట్టారని కొనేవాడు ఉల్టా ధర తగ్గిస్తాడు. కంపెనీ సామాను తీసి చేతికిస్తే బేరం కొంతైనా నిలబడుతుంది. మంచి పికప్‌లు విడిగా అమ్ముకోవచ్చు కూడా.