శోధ్‌గంగా, గూగుల్ స్కాలరా? జొటెరోనా, మెండలేనా? మన జిల్లాల మీద పరిశోధన చేసేవాళ్లకు ఏది మేలు?

పోయిన నెల దేవరకొండ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. పాలమూరు (మహబూబ్‌నగర్ జిల్లా) వలసల మీద పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలైందట. "అక్కా, మా సార్ మెండలే పెట్టుకోమంటున్నరు. సీనియర్ అన్నేమో జొటెరో అంటున్నడు. ఇంకొకరు గూగుల్ స్కాలర్ ఉంటే చాలంటున్నరు. ఇవేవీ లేకుండ వర్డ్‌ల రాసుకుంటే నడవదా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అరగంట మాట్లాడినా సగమే చెప్పగలిగాను. ఆ మిగిలిన సగాన్ని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాది నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్ల మీద పని చేస్తున్నాను. ఊళ్లు తిరిగి నీళ్ల శాంపిళ్లు పట్టడం కష్టమనుకున్నాను గానీ, చదివిన కాగితం మళ్లీ కావలసినప్పుడు దొరకబుచ్చుకోవడం అంతకన్నా కష్టమైంది.

ఆ చెల్లె చెప్పిన పేర్లకు నేను శోధ్‌గంగను కూడా కలుపుతాను. వీటిలో రెండు రకాలున్నాయి. గూగుల్ స్కాలర్, శోధ్‌గంగ పేపర్లు, థీసిస్‌లు వెతికే చోట్లు. జొటెరో, మెండలే దొరికినవాటిని వివరాలతో సహా దాచుకుని, రాసేటప్పుడు రెఫరెన్సులుగా చేర్చుకునే చోట్లు. వడ్లు దొరికే మార్కెట్ వేరు, ఇంట్లో పోసుకునే గుమ్మి వేరు. కాబట్టి స్కాలర్‌ను శోధ్‌గంగతోనే పోల్చాలి, జొటెరోను మెండలేతోనే పోల్చాలి.

గూగుల్ స్కాలర్ 2004 నవంబరులో వచ్చింది. డబ్బులు కట్టేది లేదు, లాగిన్ అడగదు, ఫోన్‌లోనూ పనిచేస్తుంది. కానీ అందులో నల్గొండ, ఫ్లోరైడ్ అని రెండు మాటలు ఇంగ్లీషులో కొట్టి చూడండి. ఇథియోపియా, టాంజానియా పేపర్లు వచ్చి పడతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను ఏదో తప్పు కొట్టాననుకున్నాను. తప్పేమీ లేదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేసి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పద్ధతి ఆఫ్రికా దాకా వెళ్లింది. అందుకే మన జిల్లా పేరు అక్కడి పేపర్లలో అంతగా కనిపిస్తుంది. మీకు కావలసింది పద్ధతి కాదు, ఊళ్లు అయితే 'టెక్నిక్' అనే మాటకు ముందు మైనస్ గుర్తు పెట్టి వెతకండి. ఆ ఒక్క గుర్తుతో జాబితా చాలా వరకు శుభ్రపడుతుంది.

పాలమూరు వాళ్ల ఇబ్బంది వేరే. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. 'బూ'కి కొందరు రెండు 'ఓ'లు పెడతారు, కొందరు 'యు' పెడతారు. 'హ' తర్వాత 'ఎ' కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. పాలమూరు అని రాసినవాళ్లలోనూ చివర 'యు' ఉన్నవాళ్లు, లేనివాళ్లు. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి 'మా జిల్లా వలసల మీద ఎవరూ ఏమీ రాయలేదు' అని సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) రాస్తే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో దెబ్బ పడుతుంది. ఈ స్పెల్లింగులన్నిటినీ మధ్యలో 'ఆర్' అనే మాటను పెద్ద అక్షరాల్లో పెట్టి ఒకేసారి కొట్టాలి.

ఇంకో సంగతి, రాష్ట్రం పేరు. 2014కు ముందు రాసిన పేపర్లలో మన రెండు జిల్లాలూ ఆంధ్రప్రదేశ్ కిందే ఉంటాయి. తెలంగాణ అని జతచేసి వెతికితే ఆ పాత పనిలో చాలా భాగం పక్కకు పోతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టాక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. అటువైపు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వేరయ్యాయి. 2019లో నారాయణపేట కూడా వచ్చింది. కాబట్టి 2005 పేపర్లోని నల్గొండ, 2020 పేపర్లోని నల్గొండ ఒకటి కాదు. ఈ రెండు పేపర్ల అంకెలను పక్కపక్కన పెట్టి 'తగ్గింది, పెరిగింది' అని రాసేముందు అందులో ఏ మండలాలున్నాయో చూసుకోవాలి. ఈ విషయం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

స్కాలర్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ప్రతి పేపర్ కింద ఉండే 'సైటెడ్ బై' లింకు. ఒక మంచి పాత పేపర్ దొరికితే, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు వాడుకున్నారో అక్కడ నొక్కితే తెలుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక్క పేపర్ నుంచి ముప్పై దాకా వెళ్లొచ్చు. లోపం ఏమిటంటే మంచి జర్నల్, డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్ రెండూ ఒకే వరసలో వస్తాయి. ఏరుకునే పని మనదే.

ఇక శోధ్‌గంగ. మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లన్నీ ఒకచోట పెట్టే వెబ్‌సైట్ ఇది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ నడుపుతుంది. థీసిస్‌ల సాఫ్ట్ కాపీలు ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చాక ఇది పెరిగింది. ఇప్పుడు ఐదు లక్షలకు పైగా థీసిస్‌లున్నాయి, అన్నీ ఉచితం. మన జిల్లాల మీద పనిచేసేవాళ్లు స్కాలర్ కంటే ముందు ఇక్కడికే రావాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఊరి స్థాయి వివరాలు జర్నల్ పేపర్లో పట్టవు. పది పేజీల పేపర్లో ఒక పట్టిక ఉంటే, అదే పని థీసిస్‌లో అరవై పేజీలుంటుంది. ఏ బోరు, ఏ నెల, ఎన్ని ఇళ్లు తిరిగారు, ఏ ప్రశ్నలు అడిగారు అన్నీ ఉంటాయి. ఇంకొకటి గుర్తుంచుకోండి. నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంతకుముందు మన ప్రాంతం మీద జరిగిన పని కోసం ఉస్మానియా పేరు కిందకు వెళ్లి, అక్కడ డిపార్ట్‌మెంట్ వారీగా చూసుకుంటూ రావాలి. మాట కొట్టి వెతకడం కన్నా ఇలా వరసగా చూడటమే నాకు ఎక్కువ పనిచేసింది.

అయితే శోధ్‌గంగలో ఒక ప్రమాదముంది. నేను అందులో పడ్డాను కాబట్టి వివరంగా చెప్తాను. అక్కడ థీసిస్ ఒక్క ఫైలుగా ఉండదు. టైటిల్ ఒక పీడీఎఫ్, సర్టిఫికెట్ ఒకటి, ఒక్కో అధ్యాయం ఒకటి. ఫైలు పేరు '10_చాప్టర్ 3' లాగా ఉంటుంది. రచయిత పేరు అందులో ఉండదు. నేను ఒకే రోజు రెండు థీసిస్‌ల మూడో అధ్యాయాలు దింపాను. రెండో దానికి బ్రౌజర్ పక్కన బ్రాకెట్లో 1 అని తగిలించింది. అంతే తేడా. ఎనిమిది నెలల తర్వాత మొదటి థీసిస్‌లోని మర్రిగూడ వైపు ఊళ్ల ఫ్లోరైడ్ లెక్కల పట్టిక ఒకటి నా అధ్యాయంలో పెట్టాను. కింద రాసిన పేరు మాత్రం రెండో థీసిస్ రాసినామెది. మా గైడ్ మేడం పట్టిక చూసి, "ఇది వానలకు ముందు తీసిన శాంపిల్ కదమ్మా, ఈమె వానాకాలం తర్వాత తీసినట్టు రాసింది, ఇది ఎవరిది?" అన్నారు. రెండు థీసిస్‌లూ మళ్లీ తెరిచి, నా అధ్యాయంలోని ప్రతి అంకెనూ తిరిగి సరిచూసుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఒకరు ఎండలో తిరిగి తెచ్చిన లెక్కను ఇంకొకరి పేరున రాశానే అన్న బాధ అంతకన్నా ఎక్కువ రోజులు ఉంది.

దాచుకునే సాధనం ఎందుకు కావాలో నాకు ఆ రోజు అర్థమైంది. వర్డ్‌లో రాసుకుంటే నడవదా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. యాభై పేపర్ల దాకా నడుస్తుంది, ఆ తర్వాత నడవదు.

మెండలే లండన్‌లో మొదలైంది, 2013లో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ కొనేసింది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నేర్చుకోవడం తేలిక. ఉచితంగా 2 జీబీ ఆన్‌లైన్ జాగా ఇస్తుంది. జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. లాభం కోసం నడిచేది కాదు, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. ఆన్‌లైన్ జాగా మాత్రం ఉచితంగా 300 ఎంబీనే. ఈ అంకెలు చూసే చాలామంది మెండలే వైపు వెళ్తారు. పాత నీటి నివేదికల స్కాన్ కాపీ ఒక్కొక్కటి 30 ఎంబీ ఉంటే, జొటెరోలో పదింటికే జాగా అయిపోతుంది మరి.

అయినా నేను జొటెరోనే పెట్టుకోమంటాను. ఎందుకంటే ఆ 300 ఎంబీ లెక్క ఆన్‌లైన్‌లో పెట్టే ఫైళ్లకే. లాప్‌టాప్‌లో ఎంత దాచుకున్నా అడిగేవాళ్లు లేరు. పేరు, సంవత్సరం, నోట్స్ లాంటి వివరాల సింక్‌కు (ఆన్‌లైన్‌లోనూ ఒక కాపీ ఉంచుకోవడానికి) పరిమితి లేదు. సెట్టింగ్స్‌లో ఫైళ్ల సింక్ ఆపేసి, వివరాల సింక్ మాత్రం ఉంచితే సరి. ఊరికి వెళ్లినప్పుడు నెట్ ఉన్నా లేకున్నా ఫైళ్లన్నీ లాప్‌టాప్‌లోనే తెరుచుకుంటాయి. మెండలే పని ఎక్కువగా వాళ్ల సర్వర్‌తో ముడిపడి ఉంటుంది. రెఫరెన్సులు చేర్చడానికి వర్డ్‌లో పెట్టుకునే 'మెండలే సైట్' (Cite) అనే జోడింపుకు వర్డ్ 2016 గానీ ఆ తర్వాతది గానీ కావాలి. మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఎంత పాత వర్డ్ ఉంటుందో మీకు తెలుసు. జొటెరో ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసులోనూ, గూగుల్ డాక్స్‌లోనూ పనిచేస్తుంది.

ఇంకో కారణం నమ్మకం. మెండలే 2021లో తన ఫోన్ యాప్‌లు తీసేసింది. 2022లో పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను పక్కనబెట్టి, అప్పటికే తెచ్చిన కొత్తదానికి మారమంది. థీసిస్‌కు ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో కంపెనీ మనసు మార్చుకుంటే ఇబ్బంది పడేది మనమే.

ఒక్క చోట మాత్రం మెండలేకే ఓటేస్తాను. మీ గైడ్, ల్యాబ్‌లో మిగతా వాళ్లు అందరూ మెండలే గ్రూపులో పనిచేస్తుంటే, మీరొక్కరే విడిగా ఉండకండి. ఎప్పుడైనా మారాలనిపిస్తే జొటెరోకు మెండలే లైబ్రరీని తెచ్చుకునే దారి ఉంది.

రెండింటికీ ఉన్న ఇబ్బంది మన పేర్లు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. సాఫ్ట్‌వేర్ చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. దాంతో రెడ్డిలందరూ, రావులందరూ ఒక కుప్పలో పడతారు. ఒకే మనిషి ఒక పేపర్లో ఒక ఇనీషియల్‌తో, ఇంకో పేపర్లో రెండు ఇనీషియల్స్‌తో ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని వ్యాసం మధ్యలో ఇనీషియల్స్ చేరుస్తుంది. జొటెరోలో పేరు పెట్టె పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కితే రెండు గళ్లు ఒకటవుతాయి. తెలుగు రచయితల పేర్లు అలా ఒకే గడిలో, పుస్తకం అట్ట మీద ఉన్నట్టే రాసుకోండి. తెలుగు పుస్తకాలను తెలుగు లిపిలోనే ఎక్కించొచ్చు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాలు కాపీ చేస్తే మాత్రం పిచ్చి అక్షరాలు వస్తాయి. వాటి శీర్షిక చేత్తో కొట్టక తప్పదు.

శోధ్‌గంగ థీసిస్ ఎక్కించేటప్పుడు నేను చేసేది ఇది. థీసిస్‌కు ఒక్క ఎంట్రీ పెడతాను. రచయిత, విశ్వవిద్యాలయం, సంవత్సరం చేత్తో సరిచూస్తాను, జొటెరో తనంతట తను పట్టుకున్న వివరాలను నమ్మను. అధ్యాయాల పీడీఎఫ్‌లన్నీ ఆ ఒక్క ఎంట్రీ కిందే తగిలిస్తాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక్కటీ రాత్రి దాకా ఉండనివ్వను. ఒక హెచ్చరిక కూడా. జొటెరో డేటా ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టొద్దు, డేటాబేస్ పాడవుతుంది. ప్రోగ్రామ్ మూసేసి, ఫోల్డర్ మొత్తాన్ని వారానికొకసారి వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే చాలు.

డబ్బులు అడిగే పేపర్ల గురించి కూడా ఆ చెల్లె అడిగింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, సుమారు 13,000 దాకా అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీలో అడగండి, ఇంటి నుంచి చదివేందుకు లాగిన్ ఇస్తారేమో కనుక్కోండి. ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెబుతూ పరిశోధన చేసేవాళ్లకు మొదటి విడతలో ఆ వీలు లేకపోవడం నాకు బాధగా ఉంది, మన దగ్గర అలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లు జర్నళ్ల పాత సంచికలు ఉండే జేస్టోర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు అందులో ఉన్నాయి, వలసల మీద పనిచేసేవాళ్లకు అది పెద్ద ఆసరా. ఇక ఏఐ చాట్‌లను అడిగి రెఫరెన్సులు తెచ్చుకునేవాళ్లు ప్రతి పేరునూ స్కాలర్‌లో కొట్టి, పేపర్ తెరిచి చూసి గానీ రాయకండి. లేని పేపర్లను ఉన్నట్టు చూపిస్తాయవి.

మొన్న ఆదివారం ఆ చెల్లె మళ్లీ ఫోన్ చేసింది. జొటెరో పెట్టుకుందట. పాలమూరు స్పెల్లింగులన్నీ కలిపి వెతికితే ముందు కనబడని రెండు థీసిస్‌లు దొరికాయట. "అక్కా, ఒకదాంట్ల మా మేనత్త వాళ్ల ఊరి పేరుంది, ఆ ఊరోళ్లు ఏ సంవత్సరం బొంబాయి పోయిండ్రో పట్టిక వేసి రాసిండ్రు" అంది. ఫైలుకు ఏం పేరు పెట్టావని అడిగాను. రాసినామె పేరు, సంవత్సరం, ఊరు అని చెప్పింది.