అర్జీలు పట్టుకుని సైకిళ్ల మీద శ్రీకాకుళం

శనివారం ఉదయం విజయనగరం గంటస్తంభం దగ్గర నలుగురం కలిశాం. ఒక్కొక్కరి సంచిలో ఒక జత బట్టలు, ఒక ట్యూబు, ప్లాస్టిక్ కవరులో అర్జీల కట్ట. సైకిలు తొక్కేవాళ్ల గోడు ప్రజాప్రతినిధులకు చెప్పుకుంటూ శ్రీకాకుళం దాకా వెళ్లాలని మా ఉద్దేశం.

మొదటి మజిలీ ఒక ఎమ్మెల్యే గారి ఆఫీసు. "సైకిలంటున్నారు, పార్టీ పనా అండీ?" అన్నాడు పీఏ. తొక్కే సైకిలేనని చెబితే నవ్వి కుర్చీలు చూపించాడు. గంటన్నర కూర్చున్నాం. టీ రెండుసార్లు వచ్చింది, రెండోది బాగుంది. దొరికిన నాలుగు నిమిషాల్లో ఎమ్మెల్యే గారు మా అర్జీలో మొదటి వాక్యం పైకి చదివారు: "జిల్లా అంతటా సైకిల్ ట్రాకులు నిర్మించాలి." తలెత్తి, "ఏ రోడ్డుకి? అది ఆర్ అండ్ బీదా, మున్సిపాలిటీదా, జాతీయ రహదారా?" అన్నారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన కాగితం తీసుకుని పక్కన పెట్టారు. కోపం వచ్చింది గానీ, ఆయన అడిగిందే సరైన ప్రశ్న.

డెంకాడ మీదుగా నాతవలస దాకా రోడ్డు హాయిగా సాగింది. ఒకచోట నూర్పిడికి తారు మీద ఉలవలు పరిచారు. దిగి నడిపించాం, దాని మీద బ్రేకు వేస్తే పడడమే. జాతీయ రహదారి ఎక్కాక వేగం పెరిగింది, ప్రశాంతత పోయింది. వంతెన మొదలయ్యే ప్రతిచోటా ఎడమవైపు తెల్లగీత అవతల ఉండే జాగా మాయమవుతుంది. లారీ హారను వీపుకు తగిలినట్టే ఉంటుంది.

పైడిభీమవరం దగ్గర నా వెనక చక్రం పంక్చరైంది. రోడ్డు పక్క పెద్దాయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వచ్చినచోట అగ్గిపుల్ల గుచ్చి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాశాడు. ఆరేదాకా ముట్టుకోనివ్వలేదు. నా ట్యూబుది సన్న వాల్వు, ఆయన పంపు దానికి పట్టలేదు. మా చేతిపంపుతోనే గాలి కొట్టుకున్నాం. ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మందుల ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లట. "అటువైపు దాటాలంటే చాలా దూరం పోయి తిరిగి రావాలి బాబూ. అందుకని ఎదురుగా వస్తారు. లైట్లు లేవు." వాళ్ల మడ్‌గార్డులకు డబ్బులు తీసుకోకుండా ఎర్ర రేడియం ముక్కలు అంటిస్తున్నాడు. ఆయన బల్ల మీదే పాత అర్జీ వెనకవైపు కొత్తది రాశాం: ఫలానా మలుపు నుంచి ఫలానా మలుపు దాకా దీపాలు, సర్వీసు రోడ్డు అంచున సైకిళ్లకు వేరే బాట, దాటడానికి చోటు.

ఇక్కడో తిరకాసు ఉంది. పైడిభీమవరం శ్రీకాకుళం జిల్లాలోది, కానీ ఎచ్చెర్ల నియోజకవర్గం విజయనగరం లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. అంటే కలెక్టరు ఒకవైపు, ఎంపీ ఇంకోవైపు. ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు 2024లో పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లినవారు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఆయనకూ ఒక ప్రతి పోస్టులో పంపాం.

శ్రీకాకుళంలో బస్సు కాంప్లెక్స్ దగ్గరి లాడ్జిలో సైకిళ్లు లోపలికి వద్దన్నారు, బయట స్తంభానికి కట్టేసుకోమన్నారు. అరసవల్లి వెళ్లే దారిలో ఇంకో లాడ్జి మేనేజరు వరండాలో పెట్టుకోమని, టైర్లు తుడుచుకోవడానికి పాత దుప్పటి ముక్క కూడా ఇచ్చాడు. గది తొమ్మిది వందలు. వేడినీళ్లు ఎనిమిది దాకానే, దోమలు మాత్రం రాత్రంతా. అయినా సైకిలుతో వెళ్లేవాళ్లకు నా ఓటు అలాంటిచోటికే.

ఆదివారం అరసవల్లిలో సూర్యనారాయణ స్వామికి జనం కిక్కిరిసి ఉన్నారు, గోపురానికే దణ్ణం పెట్టుకుని కదిలాం. శ్రీకూర్మం ప్రశాంతంగా ఉంది. రెండు ధ్వజస్తంభాలనూ, ఆవరణలోని తాబేళ్లనూ తీరిగ్గా చూశాం. కళింగపట్నం దాకా ఎదురుగాలి. వంశధార సముద్రంలో కలిసేచోట తిన్న చేపల పులుసు భోజనం ఈ యాత్ర మొత్తానికీ మేటి. బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండెక్కే ఓపిక ఇద్దరికే మిగిలింది.

సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కంప్యూటరు ముందున్న అమ్మాయి, "ఏ శాఖకు పెట్టమంటారు?" అంది. సైకిలుకు శాఖ లేదు. "రోడ్డు భద్రత" అన్నాం. రోడ్డు భద్రత కోసం నడిచేవాళ్ల, సైకిళ్లవాళ్ల రాకపోకలకు నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకిచ్చే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 138(1ఎ), రోడ్డు డిజైను లోపంతో ప్రాణం పోతే లక్ష దాకా జరిమానా అనే 198ఎ, రెండూ 2019 సవరణలో వచ్చినవే, అర్జీలో రాసుకెళ్లాం. అధికారి వాటిని దాటేసి దీపాల వాక్యం కింద గీత గీశారు. "ఇది ఎక్కడో తెలుస్తోంది, ఇంజినీరుకు పంపుతాను" అన్నారు. ఫోనుకు అర్జీ నంబరు వచ్చింది.

తిరుగుదారిలో పెద్దాయనకు ఒక ప్రతి ఇచ్చాం. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, కాగితం వెనక సొల్యూషన్ రాశాడు. ఆరేదాకా ఆగి, పంపు పక్కన గోడకు అంటించాడు.