ఆస్పత్రిలో మనిషి పోతే: రాజీనా, పోలీసు కేసా, కన్జ్యూమర్ కోర్టా?

మా శ్రీకాకుళం వైపు ప్రైవేటు ఆస్పత్రిలో వైద్యం వికటించి మనిషి పోయాడంటే మొదట జరిగేది ధర్నా. శవంతో గేటు ముందు కూర్చుంటారు. చీకటి పడేలోపు పెద్దమనుషులు వచ్చి ఒక అంకె తేలుస్తారు. టెక్కలి దగ్గర మా బంధువులకి ఇలాగే డబ్బు ఆ రాత్రే చేతికొచ్చింది. బదులుగా ఫిర్యాదు లేదని సంతకం పెట్టారు. పోస్టుమార్టం జరగలేదు. రాజీలో ఉన్న మేలు ఆ వేగమే. కోపంలో అద్దాలు పగిలాయా, ఆస్పత్రుల మీద దాడుల్ని అడ్డుకునే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద కేసు మనమీదే పడుతుంది.

పోలీసు కేసుతో డాక్టరు జైలుకెళ్తాడని చాలామంది ఆశ. ఐపీసీ బదులు వచ్చిన కొత్త న్యాయసంహిత 106వ సెక్షన్‌లో, నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం పోతే మామూలు వాళ్లకి గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు, వైద్యం చేస్తుండగా జరిగితే డాక్టరుకి 2 ఏళ్లే. పైగా 2005లో సుప్రీంకోర్టు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలంది, పోలీసుల్ని ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోమంది. అయినా నేనైతే ఆ రోజే స్టేషన్‌కి వెళ్తాను, శిక్ష కోసం కాదు, పోస్టుమార్టం కోసం.

పరిహారానికి మాత్రం నా ఓటు కన్జ్యూమర్ కోర్టుకే. డబ్బు తీసుకుని చేసే వైద్యం దాని పరిధిలోకి వస్తుందని 1995లోనే తేలింది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆస్పత్రి మీద ఈ దారి లేదు, సివిల్ కోర్టుకి వెళ్లాలి. కేసు రెండేళ్లలోపు వేయాలి. బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. మనిషి విశాఖలో పోయినా, 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. తప్పు ఏ డాక్టరుదో పేరు పెట్టి చెప్పలేకపోయినా ఆస్పత్రి జవాబు చెప్పాల్సిందేనని 2004 తీర్పు.

ఆలస్యం మాత్రం నిజం. 2002లో హైదరాబాద్‌లో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2010 అయింది, దక్కింది 2 లక్షలు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదన్న మాట మాత్రం మనందరికీ మిగిలింది.

కేస్ షీట్, అంటే రోగికి చేసిన వైద్యం రాసిన కాగితాలు, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన. కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. మా వాళ్లు దినాలయ్యాక వెళ్లి నోటితో అడిగారు. రేపు రమ్మన్నారు.