ఎలైట్ డేంజరస్: న్యూట్రాన్ దారి గురించి నా మాట మార్చుకుంటున్నాను

అంతరిక్షంలో షిప్ నడుపుకుంటూ తిరిగే ఈ వీడియో గేమ్‌ని ఆరేళ్లుగా ఆడుతున్నాను. పాలపుంత అంతా అసలు కొలతల్లో ఉంటుందనీ, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలుంటాయనీ ఆడేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. యుద్ధాలు, వ్యాపారం నాకు పట్టవు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట కూర్చుంటాను, ఆ గంటా దూరాలకి పోవడమే నా ఆట. అందుకని దూరాన్ని తొందరగా దాటించే న్యూట్రాన్ బూస్ట్ గురించి మాత్రమే రాస్తున్నాను. ఇదివరకు అడిగినవాళ్లందరికీ "అదే వాడండి, కళ్లు మూసుకుని వాడండి" అని చెప్పినదాన్ని నేనే.

న్యూట్రాన్ నక్షత్రం ధ్రువాల నుంచి ఎగజిమ్మే కాంతి ధారలో, దాని కొస దగ్గర, షిప్‌ని కాసేపు నిలిపితే తర్వాతి జంప్, అంటే ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకే దూకు, నాలుగు రెట్లు పడుతుంది. నా షిప్ ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ మామూలుగా 52 కాంతి సంవత్సరాలు దూకుతుంది, బూస్ట్‌తో 208. పాలపుంత నడిబొడ్డున ఉన్న బ్లాక్ హోల్ సజిటేరియస్ ఏ స్టార్ భూమి నుంచి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. మామూలుగా పోతే 500 జంప్‌లు. మొదటిసారి బూస్ట్‌ల మీద పోయి, ఇంత తొందరగా చేరానా అని పొంగిపోయాను.

తిరుగు ప్రయాణంలో దెబ్బ తగిలింది. భూమి వైపు కాకుండా, గేమ్‌లో మనుషులు దూరంగా స్థిరపడ్డ కొలోనియాకి తిరిగాను, అక్కడి నుంచి అది 11 వేల కాంతి సంవత్సరాలే. దారిలో చూసిన నక్షత్రాలవీ గ్రహాలవీ పదకొండు వారాల స్కాన్ డేటా షిప్‌లోనే ఉంది, ఒక్కటీ అమ్మలేదు. షిప్ పేలితే అదంతా పోతుంది. ఆ రాత్రి దారిలో ఒక వైట్ డ్వార్ఫ్ (ఆరిపోయిన నక్షత్రం చిన్నగా మిగిలిన ముద్ద) తగిలింది. దాని బూస్ట్ ఒకటిన్నర రెట్లే, అంటే నాకు 78. ఆ కాస్త దూరం కోసం ఆశపడ్డాను. న్యూట్రాన్ దగ్గర అలవాటైన చేత్తోనే ధారలోకి దూరాను. వైట్ డ్వార్ఫ్ ధార పొట్టిది, నక్షత్రం దగ్గరికి పోతేగానీ అందదు. దగ్గరికి పోతే ఒక హద్దు ఉంటుంది, అది తాకగానే సూపర్‌క్రూజ్, అంటే వ్యవస్థ లోపల తిరిగే మహావేగం, తెగిపోతుంది. తెగింది. ధార మధ్యలో పడ్డాను.

షిప్ గిర్రున తిరుగుతోంది. స్టీరింగ్ నా మాట వినడం లేదు. కాక్‌పిట్ అంతా తెల్లటి పొగ, వేడి 150 శాతం దాటింది, నిప్పురవ్వలు. వేడిని లాక్కుపోయే హీట్ సింక్ ఒకటి వదిలాను, రెండోది వదిలాను. మళ్లీ సూపర్‌క్రూజ్‌కి పోవాలంటే తప్పించుకునే దిక్కుకి ముక్కు తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ ధార మళ్లీ పక్కకి తోసేస్తోంది. నోరు ఎండిపోయింది. మూడోసారి ఎలాగో నిలబడింది, బయటపడ్డాను. తర్వాత ప్యానెల్ చూస్తే, జంప్ చేయించే ఇంజన్ ఎఫ్ఎస్‌డీ 31 శాతమే మిగిలింది, థ్రస్టర్లు 40, పవర్ ప్లాంట్ 44. దారిలో పార్టులు బాగుచేసే ఏఎఫ్ఎంయూ ఉంది కాబట్టి మిగతావి సర్దుకున్నాయి. పవర్ ప్లాంట్‌ని మాత్రం అది ముట్టుకోదు. ఆ 44తోనే ఇంకా 8 వేల కాంతి సంవత్సరాలు పోవాలి.

ఇక బూస్ట్ జోలికి పోలేదు. మ్యాప్‌లో ఇంధనం దొరికే రకాల నక్షత్రాలే పెట్టుకున్నాను: ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం. న్యూట్రాన్ దగ్గరా వైట్ డ్వార్ఫ్ దగ్గరా చుక్క ఇంధనం కూడా రాదు, ఇది కొత్తవాళ్లు మర్చిపోయి నడిదారిలో ఆగిపోతుంటారు. జంప్ పూర్తవకముందే థ్రాటిల్ సున్నాకి లాగి, నెమ్మదిగా, ఒక్కో వ్యవస్థా స్కాన్ చేసుకుంటూ పన్నెండు రాత్రులు పోయాను. తొమ్మిదో రాత్రి ఒక ఎఫ్ నక్షత్రం చుట్టూ నీలంగా, మబ్బులతో, భూమిలాంటి గ్రహం. అంతకుముందు ఎవరూ చూడనిది. బూస్ట్‌తో పోయుంటే ఆ వ్యవస్థ మీదుగా దాటేసి ఉండేదాన్ని. కొలోనియాలో డేటా అమ్మాక దాని మీద నా పేరు పడింది.

అప్పటినుంచే ఆకాశం మీద చూపు నిలుస్తోంది. మా అమ్మమ్మ డాబా మీద పిల్లలకోడి అని చూపించిన కృత్తికల్లోకే ఒకసారి వెళ్లాను. నీలి నక్షత్రాలు ఎక్కడివక్కడ విడిపోయి, కోడీ లేదు, పిల్లలూ లేవు. మనం కదిలే కొద్దీ నక్షత్ర రాశులు చెదిరిపోవడం ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఒక్క దూకుకి 208 పోతుంటే ఆ చెదరడం కంటికి ఆనదు.

బరువు తగ్గుతుందని షీల్డ్ తీసేయమని కొందరు అంటారు. చిన్నదైనా ఉంచుకోండి. గురుత్వం రెండు జి (భూమికి రెండింతలు) దాటిన గ్రహం మీద దిగేటప్పుడు కాస్త జారినా అదే కాపాడుతుంది. దారిలో ఎవరిదైనా ఫ్లీట్ క్యారియర్ (ఆటగాళ్ల సొంత పెద్ద ఓడ) కనబడి, అందులో స్కాన్ డేటా కొనే యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్ ఉంటే, ఉన్న డేటా అక్కడే అమ్మేయండి. నేను ఆ పదకొండు వారాలూ ఈ పని చేయలేదు.

న్యూట్రాన్ బూస్ట్ వద్దని మాత్రం అనను. వారానికి ఒక్కరోజే ఆడేవాళ్లకి, ఏదైనా యాత్రలో జట్టుతో కలవాల్సినవాళ్లకి అది కావాలి, న్యూట్రాన్ ధార పొడుగ్గా ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటే ప్రమాదమూ తక్కువే. వైట్ డ్వార్ఫ్ మాత్రం ఎవరికీ చెప్పను. నాకు రోజూ గంట దొరుకుతుంది, తొందరేమీ లేదు. అందుకే ఈసారి పాలపుంత అవతలి కొసన ఉన్న బీగిల్ పాయింట్‌కి బయల్దేరాను. భూమి నుంచి 65 వేల కాంతి సంవత్సరాలు, మామూలు జంప్‌లతో అయితే 1,250. ఇప్పటికి 212 అయ్యాయి.